సోమవారం సైకిల్ ముట్టొద్దు

మా కోచ్ గుజరాతీ మనిషి, మితభాషి. వారానికి ఒక మాట మాత్రం తప్పకుండా హిందీలో చెప్పేవాడు: "బేటా, సోమవారం సైకిల్ ముట్టొద్దు. ఆ రోజు ఆరామ్."

నేను నిజంగానే ముట్టేదాన్ని కాదు. పొద్దున్నే లేచి వారం బట్టలు పిండి, వంట చేసి, బస్సెక్కి ఊరి చివరి సచిన్ పారిశ్రామికవాడకు వెళ్లేదాన్ని. అక్కడ చీరలు మడతపెట్టే యూనిట్‌లో సాయంత్రం దాకా నిలబడే పని. ఆయన వేసిచ్చిన పట్టికలో అది విశ్రాంతి రోజు. సైకిల్ ఎక్కలేదు కాబట్టి విశ్రాంతేనని నేనూ నమ్మాను.

మాది సూరత్‌లో, బమ్రోలి వాడలో ఒక గది. కింద బట్ట నేసే కరెంటు సాంచాలు నడుస్తుంటే పైన నేల సన్నగా వణుకుతూ ఉండేది. నా భర్త ఆ సాంచాల మీదే పన్నెండు గంటల పాళీ చేసేవాడు. మా నాన్న కూడా తెలంగాణ నుంచి ఈ పనికే సూరత్ వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. కాలేజీ పరుగు పందేల్లో నన్ను చూసిన కోచ్, కొండదారుల్లో తొక్కే సైకిల్ పందేలకు తీసుకొచ్చాడు. సైకిల్ క్లబ్బుది. సూరత్ నేలంతా చదును. కొండ కావాలంటే డాంగ్ అడవుల దాకా పోవాలి. అది నెలకోసారి కుదిరేది. మిగతా రోజుల్లో తెల్లవారుజామున కాలువ గట్టు మీద మట్టిదారిలో తొక్కేదాన్ని.

పెళ్లికి ముందే ఈ సంగతి నా భర్తకు చెబితే నవ్వాడు. "తొక్కు, నాకేంది. నన్ను మాత్రం ఎక్కమనకు" అన్నాడు.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక రాష్ట్రస్థాయి పందెం ఉంది. దానికోసం సాధన పెంచాను. చాయ్, నాలుగు బిస్కెట్లతో బయల్దేరి, వచ్చి, నిలబడే ఏదో నమిలి పనికి పరుగెత్తడం. ఒళ్లు తగ్గింది. తగ్గినకొద్దీ కొండ ఎక్కడం సులువైంది. క్లబ్బులో అందరూ మెచ్చుకున్నారు. నెలసరి ఆగిపోయింది. నిజం చెప్పాలంటే, పీడ విరగడైందనుకున్నాను. ఎడమ గజ్జల్లో ఒక నొప్పి మొదలైంది. కండరం పట్టిందనుకుని నూనె రాసుకున్నాను.

అప్పుడే అత్తమ్మ ఊరి నుంచి వచ్చింది. ఒకే గదిలో ఆడవాళ్ల సంగతులు దాగవు. ఒకరోజు నేను బియ్యం కడుగుతుంటే పక్కన వచ్చి కూర్చుంది.

"నేనొచ్చినప్పటి సంది నువ్వు బయటుండుడే చూడలే. నీళ్లోసుకున్నవా బిడ్డా?"

ఆమె ముఖం వెలిగిపోతోంది. "లేదత్తమ్మా, సైకిల్ తొక్కుడుకు గిట్లనే అయితది" అన్నాను. ఆమె వినలేదు. ఆ సాయంత్రమే కొడుకుతో చెప్పింది. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అడగడానికి భయపడుతున్నట్టు, అడగకుండా ఉండలేనట్టు ఉంది. మెడికల్ షాపులో కొన్న పట్టీతో పరీక్ష చేసుకున్నాను. ఒక్క గీతే వచ్చింది. "గా కాగితానికేం ఎరుక, డాక్టరమ్మ దగ్గరికి పోదాం పా" అంది అత్తమ్మ.

డాక్టరమ్మ చూసి, స్కాన్ చేసి, గుజరాతీలో అడగడం మొదలుపెట్టింది. ఎంతసేపు నిద్రపోతావు, ఏం తింటావు, పందేలు ఎప్పటినుంచి. నేను చెబుతూ పోయాను. అత్తమ్మకు ఆ భాష ముక్క రాదు. ఆమె నా మోచేయి పట్టుకుని ఊపింది.

"ఏమంటుందే? ఎన్నో నెలనట?"

డాక్టరమ్మ తేల్చిన మాట తెలుగులో చెప్పాల్సింది నేనే.

"కడుపు కాదట, అత్తమ్మా."

"మరేందట?"

"తిండి, నిద్ర సాలక ఒంట్లో అన్నీ ఆగిపోయినయట."

"తిండి సాలకనా? నేను వండుతలేనా?" అంది. ఆ గొంతులో దుఃఖం కంటే అవమానమే ఎక్కువ వినిపించింది.

కొన్ని నెలలు పందేలు మానాలని, గజ్జల నొప్పికి ఎముకల డాక్టరుకు చూపించాలని డాక్టరమ్మ చెప్పింది. కోచ్‌కు చెప్పాను. ఆయన నేల చూపులు చూస్తూ, "ఈ ఒక్క పందెం అయిపోనీ, తర్వాత బాగా ఆరామ్ తీసుకో" అన్నాడు. నేను వినాలనుకున్నదీ అదే. పందేనికి బయల్దేరేటప్పుడు నా భర్త బ్యాగు అందిస్తూ, "నీ మొఖం చూస్తుంటే భయమైతుంది" అన్నాడు.

పందెంలో ఎక్కుడంతా బాగానే సాగింది. ముందు ఇద్దరే ఉన్నారు. దిగుడులో ఒక చోట వానకు కోసుకుపోయిన గండి అడ్డం వచ్చింది. బ్రేకు వేసి ఎడమకాలు కింద పెట్టాను. పడలేదు, ఎవరూ గుద్దలేదు. కాలు కింద పెట్టానంతే. లోపల కట్టె విరిగినట్టు చప్పుడైంది. తర్వాత నేను మట్టిలో ఉన్నాను. వెనక వస్తున్న అమ్మాయిలు నన్ను తప్పించుకుని పోతూ, "గాడీ బులావ్, గాడీ!" అని అరుస్తున్నారు.

తొడ ఎముక తుంటి దగ్గర విరిగింది. అందులో ఎప్పటినుంచో సన్నని చీలిక ఉండి ఉంటుందని ఆసుపత్రిలో చెప్పారు. నేను నూనె రాసుకున్నది దానికే. ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించి పంపారు.

ఊరికి పోవాల్సిన అత్తమ్మ ఆగిపోయింది. గదిలో ఉన్న ఒక్క మంచం నాకిచ్చి తల్లీకొడుకులు కింద పడుకునేవారు. పగలంతా మంచంలోనే ఉండేదాన్ని. సాంచాల అదురు మంచం కోళ్లలోంచి తుంటికి తగిలేది. అన్నాళ్లు కరువైన నిద్ర, తీరిక దొరికాక కూడా రాలేదు.

ఒళ్లు తుడుస్తున్నప్పుడు ఒకరోజు అడిగాను. "నా మీద కోపముందా అత్తమ్మా?"

"ఉంది. లేకేం? జర గటు తిరుగు, ఈపు తుడవనీ."

కోచ్ ఒక్కసారి వచ్చాడు. అరటిపళ్లు పెట్టి, గోడకు ఆనించి ఉన్న సైకిల్ వైపు చూశాడు. కొత్తగా ఒక అమ్మాయి చేరిందని, బాగా ఎక్కుతోందని చెప్పాడు. "తీసుకుపోండి సార్" అన్నాను. మెట్లమీద గొలుసు చప్పుడు కిందిదాకా వినిపించింది. ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఎంతో ఉంది. ఆమె ఎవరో నాకు తెలియదు.

ఎముక అతుక్కుంది. కాలు కొంచెం పొట్టిదైంది. నెలసరి చాలా నెలలకు తిరిగొచ్చింది. పిల్లలు పుడతారో లేదో డాక్టరమ్మ తేల్చి చెప్పలేదు. అత్తమ్మ ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "తిన్నవా?" అని అడుగుతుంది. ఇంకే మాటా అడగదు. యూనిట్‌లో ఇప్పుడు కూర్చుని దారాలు కత్తిరించే పని నాది.

నా భర్త ఇప్పటికీ పన్నెండు గంటలే చేస్తాడు. మొన్న చేతిలో అన్నం ముద్దతోనే కునుకు తీశాడు. భుజం తట్టి లేపాను.

"ఒక్కరోజు నాగా పెట్టరాదూ?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, "పెడతా తియ్, ఈ వారం సాంచాలు నడిపే కారీగర్లు లేరు" అని చొక్కా తొడుక్కుని కిందికి దిగాడు.