వెలిజార్ బాబాయి నలభై ఒకటో అభ్యంతరం

వెలిజార్ బాబాయికి ఈ లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. పెళ్ళినాడు చర్చిలో పాదిరినే గుర్తింపు కార్డు చూపించమన్నాడని మా ఊళ్ళో చెప్పుకుంటారు. పాదిరి పాపం చూపించాడట. ఫొటో పాతదని ఈయన మనిషిని మరోసారి ఎగాదిగా చూసి, అప్పుడు పెళ్ళికి ఒప్పుకున్నాడట.

ఆయన్ని అని లాభం లేదు. ముప్పై అయిదేళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చదివిన మనిషి. మొరావా నది ఒడ్డున ఉన్న మా చిన్న పట్నంలో మీటరు తిరగకుండా అయస్కాంతం పెట్టడం ఒక కళ. ఏ ఇంట్లో ఏ గోడ వెనక ఏముందో ఆ ఇంటివాళ్ళకన్నా ఆయనకే బాగా తెలుసు. రిటైరయ్యాక చదవడానికి మీటర్లు లేక, ఇంత అనుమానమూ వృథా అయిపోతోందని బెంగపెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే మునిసిపాలిటీ వాళ్ళు ఊరికి కొత్త ప్లాను గీశారు.

ఇళ్ళెక్కడ, దుకాణాలెక్కడ, ఫ్యాక్టరీలెక్కడ, ఏ రోడ్డు ఎటు పోవాలి అన్నీ అందులో ఉంటాయి. నలభై ఏళ్ళ నాటి పాతదాన్ని దుమ్ము దులిపి, దాని మీదే కొత్తది తయారుచేశారు. చట్టం ప్రకారం దాన్ని ముప్పై రోజులు ఆఫీసు వరండాలో జనం చూడ్డానికి వేలాడదీయాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు కాగితం రాసివ్వాలి, ఆఖర్న అయిదుగురి కమిటీ సభ పెట్టి వాటిని తేలుస్తుంది. ఆ కాగితాలు పుచ్చుకునే గుమాస్తా పెర్సిద.

మొదటిరోజు ఆమె తలుపు తీసేసరికే వెలిజార్ మడత కుర్చీతో, భూతద్దంతో గుమ్మంలో ఉన్నాడు.

“అమ్మాయ్, ఈ ఆకుపచ్చ రంగేమిటి?”

“పార్కు, బాబాయ్.”

“పార్కని ఎవరన్నారు?”

“ప్లానులోనే ఉంది కదా.”

“ఉందిలే. ఉండేలా చేసిందెవరు?”

మర్నాడు పార్కుకే వెళ్ళి వచ్చాడు. “పటంలో ఏడు చెట్లు, నేల మీద అయిదు. మిగతా రెండూ ఎవడి పొయ్యిలోకి పోయాయి?” అది మూడో అభ్యంతరం.

“ఇక్కడ పసుపు ముదిరిందేం?” అన్నాడు ఇంకోరోజు.

“కిటికీలోంచి ఎండ పడుతోంది, బాబాయ్.”

“ఎండ అక్కడే ఎందుకు పడుతోంది?”

అది పద్దెనిమిదోది. పెర్సిద కాఫీ ఇస్తే ముందు ఆమెను తాగమనేవాడు. తాగితే, “విరుగుడు ఇంట్లోనే మింగి వచ్చావేమో” అని అనుమానపడేవాడు. ఈలోగా కాఫీ చల్లారిపోయేది. చల్లారిన కాఫీ ఎందుకిచ్చావని మళ్ళీ అనుమానం.

పెర్సిదకు నవ్వు రావలసిన మాటే, కానీ వచ్చేది కాదు. ప్లానులో కొత్త రోడ్డు పాత ఇటుకల బట్టీ దాకా తిన్నగా వచ్చి, అక్కడ వంకర తిరిగి, సరిగ్గా ఆమె వంటింటి మీదుగా పోతోంది. అమ్మమ్మ నుంచి వచ్చిన రెండు గదుల ఇల్లు. ఆమెకున్నదల్లా అదే. అభ్యంతరం రాద్దామంటే, ఈ ప్లాను విషయంలో నోరెత్తనని ఉద్యోగులందరి చేతా ముందే సంతకం పెట్టించుకున్నారు. రాస్తే ఉద్యోగం పోతుంది, రాయకపోతే ఇల్లు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇరవై ఏడో రోజున భూతద్దం వచ్చి వచ్చి ఆ వంకర దగ్గర ఆగింది.

“ఇది నీ ఇల్లే కదూ? మీటరు మెట్ల కింద ఉంటుంది.”

“నాదే, బాబాయ్.”

“ఓహో! ఇదన్నమాట సంగతి!” అని ఆయన కుర్చీ మడిచి వెళ్ళిపోయాడు. ఆఖరిరోజున నలభై ఒకటో అభ్యంతరం అంటించిన కవరులో తెచ్చి ఇచ్చాడు. “సభలోనే విప్పాలి. నువ్వు విప్పితే మార్చేస్తావు.”

సభ రోజున జనం కిక్కిరిశారు. ప్లాను గీసిన ద్రాగుతిన్, వెలిజార్ అభ్యంతరాలు నలభైకీ ఒకే జవాబు చదివాడు. “పరిశీలించాం, తిరస్కరించాం.” నలభై ఒకటోది విప్పబోతుంటే వెలిజార్ తనే లేచి పెర్సిదకేసి వేలు చూపించాడు.

“ఈవిడ ఉంది చూశారూ, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నెలరోజులు ఆ ప్లాను పక్కనే కూర్చుంది! పాత కొంప ఇచ్చి మునిసిపాలిటీ దగ్గర కొత్త ఫ్లాటు కొట్టేద్దామని, రోడ్డు తన వంటింట్లోంచి వేయించుకుంటోంది!”

హాలంతా గోలగోలైంది.

“అదేం లేదండీ,” అన్నాడు ద్రాగుతిన్. “బట్టీ పొగగొట్టం అడ్డొచ్చి తిప్పాం.”

“ఏ పొగగొట్టం?”

“ప్లానులో ఉందిగా!”

“పాత ప్లానులో ఉంది, చూసి కొత్తదాంట్లోకి ఎక్కించారు! అది కూలి పంతొమ్మిదేళ్ళయింది. నిన్న నేను సరిగ్గా ఆ చోటే కూర్చుని మాంసం కూరిన బూరెక్ రొట్టె తినొచ్చాను. లేని పొగగొట్టానికి రోడ్డు పక్కకి తప్పుకుంటుందా? ఈవిడకీ మీకూ ఏమిటి పొత్తు?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కమిటీ అయిదుగురూ ఒక్కసారే “మాకే పొత్తూ లేదు!” అన్నారు. పది నిమిషాల్లో తీర్మానం రాశారు. రోడ్డు బట్టీ స్థలంలోంచి తిన్నగా పోవలెను; సదరు ఉద్యోగినికి ఎటువంటి లాభమూ దక్కకుండా ఆమె ఇంటిని ఉన్నచోటే ఉంచవలెను.

పెర్సిద మెట్ల దగ్గర ఆయన్ని పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు, ఒళ్ళంతా కోపం.

“ఊరందరి ముందూ నన్ను దొంగని చేశావు కదా బాబాయ్!”

వెలిజార్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “పాపం, పిల్ల ఇల్లు పోతోందంటే వాళ్ళేమనేవాళ్ళు?”

ఆమె కళ్ళు తుడుచుకుంది. “పరిశీలించాం, తిరస్కరించాం.”

“అదీ! జాలి పడమంటే ఫైల్లో పెట్టి మూసేస్తారమ్మాయ్. అనుమానిస్తేనే భయపడి జవాబు చెబుతారు.”

“మరి ఆ మిగతా నలభై కూడా ఇలాంటివేనా?”

“ఛ! అవి నిజం అనుమానాలు.”

పెర్సిదకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బుగ్గ మీద ముద్దు పెట్టబోతే ఆయన రెండు మెట్లు దిగిపోయాడు.

“దూరం, దూరం! ఎవరైనా చూస్తే మనిద్దరం ఒకటనుకుంటారు. రోడ్డు మళ్ళీ వంకర తిరుగుతుంది!”

అంతలో కమిటీ వాళ్ళు పైనుంచి దిగుతున్నారు. వెలిజార్ గొంతెత్తి “దొంగ!” అని అరిచాడు. పెర్సిదకు అర్థమైంది. నడుం మీద చేతులు వేసుకుంది.

“పోవయ్యా, ముసలి అనుమానప్పక్షీ!”

“ఇంకాస్త గట్టిగా,” అన్నాడాయన గొణుగుతూ.

ఇల్లు దక్కిన సంతోషమంతా గొంతులో పెట్టి, పెర్సిద ఆయన్ని వీధి చివరిదాకా వినపడేట్టు తిట్టింది.