మా కారు టైర్లలో గాలి ఎంత

కారు టైర్లలో ఎంత గాలి ఉండాలో తెలుసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. డ్రైవరు వైపు డోరు తెరిస్తే, డోరు మూసినప్పుడు కనపడకుండా పోయే చోట కంపెనీవాళ్ళు అంటించిన చిన్న స్టిక్కరు ఉంటుంది. ముందు టైర్లకి ఎంత, వెనక టైర్లకి ఎంత, మనుషులూ సామానూ నిండుగా ఎక్కితే ఎంత, అన్నీ దాని మీదే ఉంటాయి. మా కారుకి ముప్పై మూడు. నిండుగా ఎక్కితే వెనక టైర్లకి ఇంకో మూడు. ఇంత చిన్న విషయం మా ఇంట్లో ఒప్పించడానికి నాకు ఏళ్ళు పట్టింది అని రాద్దామనుకున్నాను. అది అబద్ధమవుతుంది. నేను ఎవర్నీ ఒప్పించలేదు.

కారు నాది. నేను రామచంద్రపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా ఊరి నుంచి అక్కడికి కాలవ గట్టు మీద అరగంట ప్రయాణం. పెళ్ళయినప్పటి నుంచీ షేర్ ఆటోలోనే వెళ్ళేదాన్ని. ఒళ్ళో నా బ్యాగు, దాని మీద ఎవరిదో కూరల సంచి, కాళ్ళ దగ్గర ఇంకెవరిదో కోడి. వర్షం వస్తే ఒక వైపంతా తడిసి క్లాసుకి వెళ్ళేదాన్ని. చివరికి నా జీతం మీద లోను పెట్టి చిన్న కారు కొనుక్కున్నాను. దానికంటే ముందే డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి నేర్చుకున్నాను, లైసెన్సు తెచ్చుకున్నాను. నా కారు నేనే నడుపుకుంటూ కాలేజీకి వెళ్ళాలి. నాకు కావలసింది అంతే.

కారు ఇంటికొచ్చిన రోజు మా అత్తగారు నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టించారు, బానెట్ మీద పసుపూ కుంకుమా పెట్టారు. స్టీరింగు ముందు మా బావగారు కూర్చున్నారు. మావారి అన్నయ్య ఆయన. ఇంటికి పెద్దవాడు, శుభమా అని మొదట ఆయన తోలితే మంచిదన్నారు. నేను వెనక సీట్లో అత్తగారి పక్కన కూర్చుని స్వీట్ బాక్సు పట్టుకున్నాను. అప్పుడు నాకు అందులో తప్పేమీ కనపడలేదు, నవ్వుతూ ఫోటోలు కూడా దిగాను.

అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా వరి, కొబ్బరి తోటలు ఉన్నాయి. ట్రాక్టరూ ఉంది. మా బావగారి లెక్కలో టైరంటే కాలితో తన్నితే కాలు నొప్పి పుట్టాలి. నా కారుని పొలానికో ఎరువుల కొట్టుకో పట్టుకెళ్ళినప్పుడల్లా బంకు దగ్గర ఆపి, "గట్టిగా కొట్టవయ్యా" అని చెప్పి గాలి పట్టించేవారు. ఎంత పట్టించారని ఒకసారి అడిగితే, వంగుని టైరు పక్కన ఉబ్బెత్తుగా ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చూపించారు.

"ఇదిగో, నలభై నాలుగు. కంపెనీవాడే రాశాడు కదమ్మా."

"అది ఆ టైరు తట్టుకోగలిగిన ఆఖరి హద్దండి. అంత పట్టించమని కాదు. మన కారుకి ఎంతో డోరు పక్కన వేరే రాసి ఉంది. కుక్కరు ఎంత ఆవిరి తట్టుకుంటుందో అంతా పట్టించి వండుకోం కదండీ."

ఆయన పెద్దగా నవ్వారు. "అమ్మాయి ఎటు తిప్పినా వంటింట్లోకే తీసుకొచ్చింది రా" అన్నారు తమ్ముడితో. మావారు కూడా నవ్వారు. స్టిక్కరు ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. చూడ్డానికి డోరు తెరిస్తే చాలు. ఆ డోరు తెరిచే కదా రోజూ ఎక్కేది.

నేను ఒక ప్రెషర్ గేజి తెప్పించుకున్నాను. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఆదివారం పొద్దున్నే, కారు ఇంకా కదలకముందు, ఒక్కో టైరుకీ మూత విప్పి, గేజి నొక్కిపెట్టి చూసేదాన్ని. చూస్తే అప్పుడే చూడాలి. బండి కాస్త దూరం పరిగెత్తాక టైరు వేడెక్కి అంకె నిజం కంటే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. ఇదంతా మావారికి ఎంత ఓపిగ్గా చెప్పానో. పిల్లలకైతే బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను, ఈయనకి కాఫీ ఇచ్చి చెప్పాను. "ఇది కాలేజీ కాదే" అన్నారు. వీధిలో వెళ్ళేవాళ్ళు నేను టైరు దగ్గర గొంతుక్కూర్చోవడం చూసి, "ఏంటండీ, పంక్చరా?" అని మావార్ని అడిగేవారు. నన్ను అడిగినవాడు లేడు. "ఏదో తన సరదా" అనేవారు ఈయన. నాకు ఒళ్ళు మండేది. అయినా తియ్యాల్సిన గాలి తీసి, మూతలు బిగించి లేచేదాన్ని. రెండ్రోజులు తిరక్కుండానే మా బావగారు మళ్ళీ గట్టిగా కొట్టించుకొచ్చేవారు.

ఒక వేసవిలో పెనుగొండలో అత్తగారి చెల్లెలు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచారు. కార్లో మావారు, అత్తగారు, నేను. డిక్కీలో బియ్యం బస్తా, కొబ్బరికాయలు, అరటిగెల. నేనే తోలతానన్నాను. "సరేలే, నీ ముచ్చటెందుకు కాదనాలి" అన్నారు మావారు. పొద్దున్నే గేజి పెట్టి చూశాను. ముందు రోజు కారు తిప్పింది బావగారు. నాలుగు టైర్లూ నలభై నాలుగు దగ్గరే ఉన్నాయి.

"రెండు నిమిషాలండి, కాస్త గాలి తీస్తాను" అన్నాను.

అత్తగారు ఒంటికాలి మీద లేచారు. "శుభకార్యానికి బయల్దేరుతూ గాలి తీసేస్తావా? ఎవరైనా వింటే నవ్విపోతారు! వర్జ్యం వచ్చేలోపు గుమ్మం దాటాలమ్మా, ఎక్కు ముందు."

"ఎండ చూస్తున్నారుగా అత్తయ్యగారూ, రోడ్డెక్కితే ఇంకా పెరుగుతుంది."

"రావులపాలెంలో ఆపి చూపిద్దాంలే, బయల్దేరు" అన్నారు మావారు.

నిమ్మకాయలు తొక్కించడానికి మాత్రం టైము దొరికింది. రావులపాలెంలో బంకు వస్తోందని చెప్పాను. ఆయన ఫోన్లో మాట్లాడుతున్నారు, ముందుకి పొమ్మని చేత్తో సైగ చేశారు. పోయాను. నేను ఆపెయ్యాల్సింది అని మీరనుకోవచ్చు. అత్తగారిని ఎండలో ఆపి, వర్జ్యం ముంచుకొస్తుంటే, మొగుడు పొమ్మన్న చోట బండి ఆపి చూడండి, మీకే తెలుస్తుంది.

సిద్ధాంతం వంతెన దాటి పెనుగొండ దారిలోకి తిరిగాక, ముందు వెళ్తున్న గడ్డి లారీ పక్కకి తప్పుకుంది. అప్పటిదాకా దాని చాటున ఉన్న గుంట బయటపడింది. గుంట అంచు ఎడమవైపు ముందు టైరుకి తగిలింది. పెద్ద చప్పుడైంది. కారు ఎడమకి, రోడ్డు పక్కన నీళ్ళు పారే పంట బోదె వైపుకి లాగేసింది. బ్రేకు మీద కాలు పెట్టలేదు. స్టీరింగు రెండు చేతుల్తో బిగించి పట్టుకుని, కాలు ఎత్తేసి, దానంతట అది నెమ్మదించే దాకా తిన్నగా పోనిచ్చాను. బోదెకి ఇవతలే, గట్టు మీద ఆగింది. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు నేను బాగా నడిపాను.

మావారు దిగి, చీలిపోయిన టైరు చూసి, నా వైపు తిరిగి అడిగిన మొదటి మాట, "అంత గుంట కనపడలేదా?"

"నలభై నాలుగు ఉందని పొద్దున చెప్పాను కదండీ. తక్కువ ఉంటే ఆ దెబ్బ తట్టుకునేదేమో."

"ఇప్పుడా సోది ఎందుకు" అన్నారు. అత్తగారు లోపలే కూర్చుని అమ్మవారు కాపాడిందని దణ్ణాలు పెట్టుకుంటున్నారు. ఈయన అన్నగారికి ఫోన్ చేశారు, స్పీకర్ పెట్టారు. టైరు పేలిందని చెప్పగానే అవతల్నించి, "ఎవరు తోలుతున్నారు?"

"తనే."

"అదీ సంగతి" అన్నారు బావగారు. అంతటితో విచారణ అయిపోయింది.

స్టెపినీ వేసుకుని వెళ్ళేసరికి గృహప్రవేశం భోజనాలు నడుస్తున్నాయి. మా కబురు మాకంటే ముందే చేరింది. వడ్డించే ఆవిడ కూడా, "మీరేనాండీ టైరు పేల్చేశారంట?" అని జాలిగా అడిగి ఇంకో బొబ్బట్టు వేసింది. తిన్నాను. ఏం చెయ్యను మరి, ఆకు దగ్గర కూర్చుని గాలి ఒత్తిడి గురించి పాఠం చెప్పనా? తిరిగొచ్చేటప్పుడు మావారు తోలారు. నేను వెనక కూర్చున్నాను, మళ్ళీ అత్తగారి పక్కన.

అప్పటిదాకా కాలేజీకి నేనే తోలుకెళ్ళిన కారు తాళం, ఆ రోజు నుంచి మావారి చొక్కా జేబులోకి వెళ్ళింది. నన్ను తోలొద్దని ఎవరూ అనలేదు. అనుంటే దెబ్బలాడేదాన్ని. పొద్దున తాళం అడిగితే, "ఇవాళ నాకు పనుంది" అనేవారు. మర్నాడూ పనుండేది. ఆ తర్వాత అడగడం మానేశాను. మళ్ళీ షేర్ ఆటో, మళ్ళీ కూరల సంచి. ఒక్కోసారి ఆటో కోసం నిలబడి ఉంటే నా కారే ఎదురుగా వెళ్ళేది, వెనక సీటు నిండా యూరియా బస్తాలు, ముందు బావగారు. చెయ్యూపేవారు కూడా. కాలేజీలో ఎవరైనా కారేమైందని అడిగితే సర్వీసుకిచ్చామని చెప్పేదాన్ని. ఎన్నిసార్లని చెబుతాను, వాళ్ళూ అడగడం మానేశారు. లోను వాయిదా మాత్రం నెలనెలా నా జీతంలోంచే పోయేది.

కొన్ని నెలలకి ఒక సాయంత్రం మావారు సోఫాలోంచి కేకేశారు. "ఇలా రా, ఇది చూడు." ఫోన్లో వీడియో. గడ్డం పెంచుకున్న కుర్రాడెవడో కాలర్‌కి మైకు పెట్టుకుని, డోరు తెరిచి స్టిక్కరు చూపిస్తున్నాడు. టైరు మీద ఉన్న అంకె హద్దు మాత్రమే ఫ్రెండ్స్, పొద్దున్నే బండి తియ్యకముందు చెక్ చేసుకోవాలి ఫ్రెండ్స్ అంటున్నాడు. "ఎంత బాగా చెప్పాడో చూడు! మనలో చాలామందికి తెలీదు ఇది" అన్నారు ఈయన. అప్పటికే ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశారు. బావగారు దణ్ణం బొమ్మ పెట్టారు, బొటనవేలు పెట్టారు. ఆదివారం పొద్దున అన్నదమ్ములిద్దరూ కారు డోరు తెరిచి స్టిక్కరు ముందు వంగున్నారు. "ముప్పై మూడంట్రా!" అని బావగారు ఆశ్చర్యపోయారు.

"ఇదే కదండీ నేను చెప్పింది?" అన్నాను మావారితో, లోపలికొచ్చాక.

"నువ్వా? ఎప్పుడు చెప్పావు?"

నన్ను వెక్కిరించడానికి అన్నారేమోనని మొహంలోకి చూశాను. కాదు. ఆయనకి నిజంగానే గుర్తులేదు. ఆదివారాల గేజి, పెనుగొండ ప్రయాణం రోజు పొద్దున జరిగిన గొడవ, రోడ్డు పక్కన నిలబడి చెప్పింది, ఏదీ చెవిలోకి వెళ్ళలేదు, వెళ్తే కదా గుర్తుండేది. అబద్ధమాడి ఉంటే కొంత నయంగా ఉండేది, అబద్ధమాడే మనిషి నిజం విన్నట్టే లెక్క. ఏడుపు రాలేదు. పప్పులో తాలింపు వేశాను.

అప్పట్నుంచి టైర్లలో గాలి సరిగ్గానే ఉంటోంది. ఆయనే పొద్దున్నే చూస్తారు, నా గేజితోనే. ఇంటికొచ్చినవాళ్ళకి చల్లటి టైరు, వేడి టైరు గురించి చక్కగా వివరిస్తారు. ఎవరైనా అడిగితే, "మా ఆవిడ ఒకసారి టైరు పేల్చేసింది లెండి, అప్పట్నుంచి నేనే జాగ్రత్త పడుతున్నాను" అని కూడా చెబుతారు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోతాను. మొదట్లో గిన్నెలు చప్పుడయ్యేలా పెట్టేదాన్ని. ఇప్పుడు అదీ లేదు.

ఈ వానాకాలం ఆయన పొలం గట్టు మీద జారిపడి కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. రాజమండ్రిలో కట్టు వేశారు. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళాల్సిన రోజు బావగారు నాట్ల హడావిడిలో ఉన్నారు. ఆయన ఎడమచేత్తో జేబులోంచి తాళం తీసి, "నువ్వే తోలాలి" అన్నారు. తీసుకున్నాను. సీటు ముందుకి జరుపుకున్నాను, అద్దాలు సరిచేసుకున్నాను. చేతులు ఏదీ మర్చిపోలేదు. సంతోషంగానే ఉందని చెప్పాలి, చాలాకాలానికి.

ఆయనకి చెయ్యి బాలేక కొన్నాళ్ళుగా గాలి చూసినవారు లేరు. అందుకని ఊరి చివర బంకులో ఆపాను. గాలి కొట్టే మనిషి పైపు లాక్కుంటూ వచ్చాడు. ఎడమవైపు మావారు కూర్చుని ఉన్నా, తిన్నగా నా కిటికీ దగ్గరికే వచ్చి, వంగి, నన్నే అడిగాడు.

"ఎంత పెట్టమంటారండీ?"

ఒక మనిషి నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. నేను తల తిప్పి మావారి మొహంలోకి చూశాను.

ఆయన ఫోన్లోంచి తలెత్తారు. "నన్ను చూస్తావేంటి? నీకు తెలీదా?"

ముప్పై మూడు అన్నాను, నోట్లోనే. అతనికి వినపడలేదనుకుంటాను, మళ్ళీ అడిగాడు.