షట్టరు మీద గన్నేరు చిమ్మట

పుంగనూరు సంతరోజు పొద్దున్నే మా పాత్రల అంగడి షట్టరు మీద ఒక గన్నేరు చిమ్మట వాలి ఉంది. అరచేతంత రెక్కల పురుగు. ఆకుపచ్చ మీద తెలుపు, గులాబి చారలు. చీరల అంగట్లో మిగిలిన ముక్కలన్నీ కలిపి కుట్టినట్టు ఉంటుంది. మా నాయన తాళంచెవి పట్టుకుని నిలబడిపోయాడు.

"లక్ష్మి వచ్చి కూసోనుండాది. ఎత్తితే షట్టర్లో నలిగిపోతాది. దానంతట అది లేసేదాకా ఉండు."

"ఇది రాత్రి తిరిగే పురుగు నాయనా. పొద్దు గూకేదాకా లేవదు."

"దేవుండ్లకు టైం చెప్పేంత మొనగాడివా నువ్వు?"

లక్ష్మి అట. మదనపల్లె రోడ్డు పక్క గన్నేరు పొదల్లో ఆకులన్నీ మేసి బోడి చేసే గొంగళిపురుగే పెరిగి ఇలా అవుతుంది. ముట్టుకుంటే మెడ వంచి, ఒంటి మీదున్న నీలం మచ్చల దొంగకళ్లు చూపించి బెదిరిస్తుంది. ధర తగ్గించమంటే మా నాయన ముఖం పెట్టే తీరు అదే. రెక్కలొచ్చాక ఇంకా ఘోరం. పూవు మీద కూర్చోదు, గాల్లోనే నిలబడి పొడుగాటి గొట్టం దించి తేనె తాగి పోతుంది. మెట్టెక్కకుండా వీధిలోంచే ధరలడిగి, మన మంచినీళ్లు తాగి పోయే బేరగాళ్లను ఎంతమందిని చూడలేదు!

అంతలో చౌడేపల్లె నుంచి ఆవులు మేపే దంపతులు దిగారు. కొత్తగా పాలకేంద్రం పెడుతున్నారు. క్యాన్లన్నీ మా దగ్గరే కొనేలా వారం పాటు ఫోన్లో గొంతు అరగదీసుకుని ఒప్పించాను.

"యాలప్పా, ఇంకా తెరవలే?" అని ఆమె అడిగింది.

"పురుగు నిద్రపోతాందమ్మా."

ఆమె షట్టరును, నన్ను మార్చి మార్చి చూసింది. ఎవరూ అడక్కుండానే ధర తగ్గించాను. నా జన్మలో అదే మొదటిసారి. మూసిన అంగడికి ఏ ధరైతేనేం?

"మీరు గూడా పండుకోండప్పా. మేము ఎదురంగట్లో సూసుకుంటాం," అన్నాడు ఆమె భర్త.

మధ్యాహ్నం కూడా మహాతల్లి కాలు కదపలేదు. దీపాలు పెట్టేవేళకు రెక్కలు వణికించి, ఒళ్లు కాచుకుని, మా అంగడి వైపు తిరిగైనా చూడకుండా ఎగిరిపోయింది. మా నాయన తృప్తిగా షట్టరెత్తి దీపం పెట్టాడు.

మొదట మెట్టెక్కింది ఎదురంగడాయన. చౌడేపల్లె వాళ్లకు క్యాన్లు చాలలేదట, కొన్ని కావాలట. ఆయన అడిగిన తక్కువ ధరకు నాకు కడుపు మండింది. నోరు తెరవబోయాను.

"బోణీ బేరం, పొమ్మనకూడదు," అన్నాడు మా నాయన.

ఆ క్యాన్లు నేనే మోసుకెళ్లి చౌడేపల్లె ఆటోలో సర్దాను.