పెండ్లాన్ని పిల్చుకొని రమ్మన్న డాక్టరు

గంగాధర్, నేను ఆలుమగల్లాగే బతికాం. ఇద్దరం మగవాళ్లం కాబట్టి మడకశిర దగ్గరి మా పల్లెలో స్నేహితులమని చెప్పుకునేవాళ్లం. కొన్నేళ్ల కిందట అతనికి మర్మాంగం మీద పుండు లేచింది. గొర్రెకు జబ్బు చేస్తే మా ఊళ్లో డాక్టరు బండి మంద దగ్గరికే వస్తుంది. మేము మాత్రం తెలిసినవాళ్లు కనబడకూడదని రెండు బస్సులు మారి, ఎరగని ఊరి ఆస్పత్రికి వెళ్లాం.

డాక్టరు పుండు చూసి, "దీనికి ఇద్దరూ మందు వాడాల. పెండ్లాన్ని పిల్చుకొని రా పో," అన్నాడు.

"పెండ్లి కాలేదు సార్," అన్నాడు గంగాధర్.

"మరి యాడికి పోయినావప్పా? ఆ ఆడమనిషినే తోడుకొని రా."

తలుపు దగ్గర వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. గంగాధర్ తల వంచుకుని లేవబోయాడు. మందు లేకుండానే వెళ్లిపోతాడని భయమేసి నేను నోరు తెరిచాను.

"నేనే సార్. ఇద్దరికీ ఇయ్యండి."

నవ్వులు ఆగిపోయాయి. డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఛీ, లేసి పోండప్పా! పెండ్లిండ్లు చేసుకోండి, అదే నయమైతాది."

అంత చదువు చదివి ఆయన నేర్చుకున్న వైద్యం అది.

వారం తర్వాత నేను ఇంకో ఊరికి వెళ్లి చూపించుకున్నాను. గంగాధర్ రానన్నాడు. "ఇంగొకసారి ఆ మాట పడలేనప్పా," అన్నాడు. పుండు దానంతటదే మానింది. జబ్బు లోపలే ఉండి, ముందు చూపు తీసుకుంది, తర్వాత మాట. పోయిన ఎండాకాలం అతను చనిపోయాడు.

నాకు వేసింది మామూలు పెన్సిలిన్ సూది. నేను బతికే ఉన్నాను.