నేను గట్టిమేళాన్ని శుభ్రం చేసిన వైనం

పెళ్ళిలో ఎవరైనా ఏం పాడుచేయగలరు? మహా అయితే సాంబారులో ఉప్పు రెండుసార్లు వేస్తారు. లేదంటే శుభలేఖలో ఒక బాబాయి పేరు మరిచిపోయి, ఆయన అలిగి భోజనం మానేసేదాకా తెస్తారు. నేను అలాంటి చిల్లర పనులు చేయలేదు. సొంత చెల్లెలి మెడలో తాళి పడుతున్న క్షణాన రెండు కుటుంబాల పరువును ఒకేసారి, అది కూడా అత్యంత నాణ్యమైన ధ్వనితో, మాచర్లలో ఒక వీధి వీధికంతా వినిపించాను. మీ ఇంట్లో పెళ్ళి పెట్టుకుని ఉండి, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే అమ్మాయి ఎవరైనా "సౌండ్ సంగతి నాకొదిలెయ్యండి" అంటూ తిరుగుతుంటే, ఇది చదివాక ఆమెను వెంటనే తాంబూలాల దగ్గర కూర్చోబెట్టండి.

ముందు నా గురించి చెప్పాలి. అప్పట్లో నాకు యంత్రాల మీద అభిప్రాయాలు ఉండేవి. అడిగినా అడక్కపోయినా చెప్పేటన్ని ఉండేవి. ఫోనుకు ఇయర్‌ఫోన్ గుచ్చుకునే చిల్లు తీసేసినవాడు మనిషే కాదనేదాన్ని. టీవీలు సన్నబడి సన్నబడి అప్పడాల్లా అయ్యాయనీ, వాటి స్పీకర్లు మనల్ని వదిలేసి వెనక గోడకు పాటలు వినిపిస్తున్నాయనీ అనేదాన్ని. పాటల యాప్‌లు పాటను పిండేసి పిప్పి మన చెవిలో పోస్తున్నాయనీ, సాఫ్ట్‌వేర్ కొంటే మనదయ్యే కాలం పోయి నెలనెలా అద్దె కట్టే కాలం వచ్చిందనీ పెళ్ళిచూపులకొచ్చిన ఒకబ్బాయికి గంటసేపు చెప్పాను. అతను బుద్ధిగా కాఫీ తాగి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

హైదరాబాదు ఆఫీసు పనిని నరసరావుపేటలో మా ఇంట్లోంచే చేసేదాన్ని. మాది బజారు వీధి. మీటింగులో నేను నోరు తెరిచే సమయానికే అమ్మ మిక్సీ వేసేది, కింద షాపువాళ్ళు షట్టర్ ఎత్తేవాళ్ళు, ఉల్లిపాయల ఆటో మైకులో అరుచుకుంటూ వచ్చేది. దాంతో పట్టుదల వచ్చి, చప్పుళ్ళు తీసేసే ప్రోగ్రాము ఒకటి తెచ్చుకుని, దాన్ని నెలల తరబడి సానబెట్టాను. మనిషి మాట ఒక్కటే బంగారం, మిగిలిందంతా చెత్త అని దానికి నేర్పాను. అది ఎంత బాగా నేర్చుకుందంటే, ఒకరోజు మా మేనేజరు, "శ్రీలతా, మీ ఊళ్ళో జనం ఉండరా? ఏమిటంత నిశ్శబ్దం?" అని అడిగాడు. ఆ మాటకు నేను వారంరోజులు నేలమీద నడవలేదు.

ఇంతలో మా చెల్లెలు స్వాతికి మాచర్ల సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు నవీన్ బంగారం లాంటి పిల్లాడు. కాకపోతే ఆ ఇంట్లో మాట చెల్లేది వాళ్ళ నాన్నమ్మ వెంకాయమ్మగారిది. నవీన్‌ను చిన్నప్పటినుంచీ పెంచింది ఆవిడే. పెళ్ళి దగ్గరపడ్డాక ఆవిడ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. పెళ్ళి వాయిదా వేద్దామంటే ఆవిడే ఒప్పుకోలేదు. కానీ ఫోనులో మా నాన్నకు ఒక్క మాట గట్టిగా చెప్పారు.

"ముహూర్తం మార్చబాకండి. అయితే నా మనవడు తాళి కట్టేది నేను కళ్ళారా చూడాల, చెవులారా వినాల. అది లేకపోతే నాకు పెళ్ళి జరిగినట్టే కాదు. చెప్తున్నా."

మా ఇల్లంతా బిగుసుకుపోయింది. స్వాతి అయితే ఏడుపొక్కటే తక్కువ. "అక్కా, రేపు నేను ఉండాల్సింది ఆమె ఇంట్లో. మొదటిరోజే ఆమెకి నా మీద కోపమొస్తే ఎట్టాగే?" అంది.

"ఏమే పిచ్చిదానా, నేను లేనూ? ఆవిడ మండపంలో కూర్చున్నదానికంటే బాగా వినపడుద్ది చూడు," అన్నాను.

ఇక నన్నెవరు ఆపుతారు? పెళ్ళిని లైవ్‌లో వాళ్ళింటి టీవీకి చూపిస్తానన్నాను. వాళ్ళింటి అప్పడం టీవీని నమ్మలేక, నా సొంత సౌండ్‌బార్‌ను, దాని కింద పెట్టే బరువైన డబ్బాతో సహా మాచర్లకు పంపించాను. పెళ్ళికి రాలేని చుట్టుపక్కలవాళ్ళంతా ఆ ఇంటికే వచ్చి చూస్తారని తెలిసి, "శబ్దం నిండుగా పెట్టండి, వాకిట్లో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడాల," అని మరీ చెప్పాను. వీడియో తీసే మస్తాన్ మా వీధివాడే. నేను గ్యాడ్జెట్ల గురించి చెబితే విసుక్కోకుండా వినే ఏకైక ప్రాణి.

"అక్కా, కెమెరా మైకు చాలదంటావా?" అన్నాడు మస్తాన్.

"కెమెరా మైకా! ఫ్యాన్ల గోల, జెనరేటర్ గోల, పిల్లల గోల అన్నీ పడతాయి. పంతులుగారి కండువాకి చిన్న మైకు తగిలిద్దాం. అది నా ల్యాప్‌టాప్‌లోకి వచ్చుద్ది. నా ప్రోగ్రాము దాన్ని కడిగి శుభ్రంచేసి మాచర్లకి పంపుద్ది."

"నువ్వు మామూలుదానివి కాదక్కా!" అన్నాడు వాడు. నిజమే కదా అనుకున్నాను.

ముందురోజు కల్యాణమండపంలో పరీక్ష పెట్టాం. పంతులుగారు ఒక శ్లోకం చదివారు. జెనరేటర్ మాయం. ఫ్యాన్లు మాయం. ఆయన గొంతు మాత్రం గుడిగంట మోగినట్టు వచ్చింది. మా పరిశ్రమలో పరీక్ష ఒకసారి నెగ్గితే ఇక దేవుడొచ్చి చెప్పినా వినం. సన్నాయి, డోలు వాళ్ళు మాత్రం మర్నాడు పొద్దున గానీ రారు. ఆ సంగతి పట్టించుకోవాలని నా బుర్రకు తట్టనే లేదు.

పెళ్ళిరోజు మండపం పక్కనే, పంతులుగారి వెనకాల, మస్తాన్ కెమెరా పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చున్నాను. హెడ్‌ఫోన్ తలకు పెట్టుకోబోతుంటే అమ్మ చూసింది.

"ఏందే ఆ అవతారం? నాలుగు మూరల పూలు పెట్టించాను, దానిమీద ఆ డొప్పలేంది? తియ్యి!"

"అమ్మా, లైవ్‌లో ఏం వెళ్తుందో వినాలే."

"పెళ్ళికూతురి అక్కవా, హెలికాప్టర్ నడిపేదానివా? తీస్తావా లేదా?"

తీశాను. వినకపోతేనేం, తెరమీద శబ్దాన్ని చూపించే పచ్చగీతలు లేస్తూ పడుతూనే ఉన్నాయి కదా. ముహూర్తం వచ్చింది. జీలకర్ర బెల్లం అయింది. పంతులుగారు చెయ్యెత్తి, "గట్టిమేళం, గట్టిమేళం!" అని అరిచారు. సన్నాయి, డోలు ఒక్కసారిగా అందుకున్నాయి. హాలు అదిరిపోయింది. అక్షింతలు వానలా పడ్డాయి. నవీన్ తాళి కడుతుంటే నా కళ్ళు చెమర్చాయి. నాన్న అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ల్యాప్‌టాప్‌లో పచ్చగీతలు గంతులేస్తున్నాయి. అబ్బ, మాచర్లలో డోలు ఎంత బాగా మోగుతోందో అని మురిసిపోయాను.

మేళం ఆగాక మస్తాన్ నా బల్లమీద గబగబా తట్టాడు. చేతిలో ఫోను.

"అక్కా, మాచర్ల నుంచి పెళ్ళికొడుకు బాబాయి. మేళం గోలలో వినపళ్ళేదు గానీ, చానాసార్లు చేశాడంట. అక్కడ మేళం రాలేదంట."

"రాకపోవడమేంది? మరేం వచ్చింది?"

"మాటలు వచ్చాయంట అక్కా. మాటలే వచ్చాయంట."

పూలు నలిగితే నలిగాయని హెడ్‌ఫోన్ పెట్టుకుని రికార్డింగ్ వెనక్కి తిప్పాను. పాఠకులారా, మీరు తెలుగువాళ్ళయితే గట్టిమేళం మోగేటప్పుడు మండపంలో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. ఎవరికీ వినపడదన్న ధైర్యంతో, అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒకరి చెవిలో ఒకరు అరిచేస్తారు. నా ప్రోగ్రాముకు సన్నాయి, డోలు రెండూ మిక్సీ, షట్టర్ లాంటివే. రెండింటినీ నున్నగా తుడిచేసింది. మిగిలిన బంగారాన్ని తళతళలాడించి పంపించింది.

మొదట పంతులుగారు. "టిఫిను సంగతి ఎవరన్నా చూస్తారా, చూడరా? పొద్దుట్నుంచీ కాఫీ చుక్క లేదు నాయనా."

తర్వాత స్వాతి. "మెల్లిగా లాగు, జడ ఊడొచ్చేట్టుంది."

నవీన్. "నాకు ముడి రావట్లేదే. బూట్లకి తప్ప దేనికీ వెయ్యలా నేను."

తర్వాత, అయ్యో, మా అమ్మ. అమ్మ పిన్నితో చెబుతోంది. "ఆ పెద్దామె ఏరికోరి పంపిన ప్రధానం చీర చూశావటే? పట్టంట పట్టు! దోమతెరకి అంచు కుట్టినట్టుంది. రంగు చూస్తే వారం కిందటి గోంగూర."

ఇక భూమి చీలితే బాగుండునని నేను అనుకుంటుండగా, అన్నిటికంటే స్పష్టంగా, పంతులుగారి వీపు వెనకనుంచే మరో గొంతు వచ్చింది. అది నాది.

"ఇంత చేస్తున్నాం గానీ మస్తానూ, ఆ ముసలామెకి అసలు వినపడుద్దంటావా? ఆ వయసుకి బ్రహ్మచెవుడు అయ్యుండుద్దిలే!"

చెల్లెలి కాపురం మొదలుకాకముందే నేనే నిప్పుపెట్టానని ఏడుపొచ్చింది. తలెత్తి చూసేసరికి పెళ్ళికొడుకు తండ్రి ఎదురుగా నిలబడి ఉన్నారు. చేతిలో ఫోను ఉంది.

"అమ్మ లైన్లో ఉంది. అందరికీ వినపడేట్టు పెట్టమంది," అన్నారు.

స్పీకర్ నొక్కారు. మా అమ్మ, నాన్న, స్వాతి, నవీన్, వాళ్ళమ్మ, అందరం ఆ ఫోను చుట్టూ నిలబడ్డాం.

"పెళ్ళికూతురి తల్లి ఉందా ఆడ?" వెంకాయమ్మగారి గొంతు.

"ఉన్నా పెద్దమ్మగారూ," అంది అమ్మ. అంత సన్నటి గొంతు అమ్మకు ఉందని నాకు అప్పుడే తెలిసింది. "క్షమించాల. ఏదో నోరు జారి…"

"క్షమించడమేంది? చీర నాకూ నచ్చలా. దాన్ని ఏరింది నేను కాదు, నా కోడలు. తెచ్చింది ఆమె, పెట్టింది నా పేరు. ఇన్నేళ్ళకి ఒకరు నిజం చెప్పారు."

మేమంతా పెళ్ళికొడుకు తల్లి వైపు తిరిగాం. ఆవిడ సీలింగు ఫ్యానును శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

"పంతులికి ముందు టిఫిను పెట్టండి, పాపం. ఒరేయ్ నవీనూ, ముడి వెయ్యడం రాని సన్నాసీ, నువ్వు నా పెంపకం అని ఎవరికీ చెప్పబాక. అవన్నీ సరే. నా మేళం ఏది?"

"నాన్నమ్మా, ఇక్కడ మోగింది…" అన్నాడు నవీన్.

"ఆడ మోగితే నాకేంది? నా చెవినపడిందా? వీధి వీధంతా వచ్చి కూర్చున్నారు. తాళి కట్టేటప్పుడు మేళం లేకపోతే ఏ పెళ్ళిరా అది? మూగపెళ్ళి! మేళం వినకుండా ఈ పిల్లని గడప దాటనివ్వను. హారతి పట్టనివ్వను. ఆ చెవుడన్న పిల్ల ఎవతో, దాన్ని కూడా తీసుకురాండి."

ఫోను పెట్టేశారు. స్వాతి నావైపు చూసింది. కొత్త పెళ్ళికూతురు కాబట్టి తిట్టలేదు గానీ, ఆ చూపు తిట్టుకు తక్కువేం కాదు.

ఆ సాయంత్రం పెళ్ళివాళ్ళ కారు వెనక సన్నాయి, డోలు వాళ్ళ వ్యాను, ఆ వ్యానులో డోలుకూ డోలుకూ మధ్య ఇరుక్కుని నేనూ, కెమెరాతో మస్తానూ మాచర్ల చేరాం. దారంతా డోలు వాయించే ఆయన, "మా వాయిద్యాన్ని తుడిచేసే మిషనంట, అది నువ్వేనా అమ్మా?" అని నన్ను వింతజంతువును చూసినట్టు చూశాడు.

వెంకాయమ్మగారి మంచాన్ని ముందుగదిలో గుమ్మానికి ఎదురుగా వేశారు. వాకిట్లో వీధంతా ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు నన్ను చూపించుకుని, "బ్రహ్మచెవుడు అన్నది ఈ పిల్లేనంట," అని చెప్పుకుంటున్నారు. ఆవిడ నన్ను పిలిచి మంచం పక్కనే కూర్చోబెట్టుకున్నారు. గడప బయట కొత్తజంట నిలబడ్డారు. ఆవిడ చెయ్యెత్తి, "ఇప్పుడు కొట్టండిరా గట్టిమేళం!" అన్నారు.

ఇల్లు దద్దరిల్లింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. వెంకాయమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ అక్కడినుంచే అక్షింతలు విసిరారు, హారతి పట్టమని సైగ చేశారు. స్వాతి కుడికాలు లోపల పెట్టింది.

సరిగ్గా అప్పుడే ఆవిడ నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగి, నా చెవిలో నోరుపెట్టి ఏదో చెప్పడం మొదలుపెట్టారు. పొడుగ్గా చెప్పారు. మధ్యలో వేలు చూపించి బెదిరించారు, ఒకచోట పడీపడీ నవ్వారు, చివర్లో నా బుగ్గ గట్టిగా గిల్లారు. ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

మేళం ఆగాక, "ఏమన్నారు నాన్నమ్మగారూ? నాకేం వినపళ్ళేదండీ," అన్నాను.

ఆవిడ తలగడకు ఆనుకుని హాయిగా నవ్వారు.

"నీక్కూడా చెవుడేనటే? పోనీలే. నిన్ను తిట్టాల్సినవన్నీ తిట్టేశా, నా కడుపు చల్లబడింది. నీ మనసుకి నొప్పి పుట్టలా, వీధిలో నీ పరువు పోలా. మేళం పెట్టింది అందుకేనే పిల్లా."

కనుక చదువరులారా, నేను అగ్నిసాక్షిగా, అది దొరక్కపోతే ల్యాప్‌టాప్ వేడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ శుభకార్యంలోనూ ఏ చప్పుడునూ శుభ్రం చేయను. ఎప్పుడైనా చెయ్యి దురదపెడితే ఆ రోజు వీడియో తీసి వెంకాయమ్మగారు నా చెవిలో మాట్లాడుతున్న చోట ఆపి చూసుకుంటాను. ఆ మేళాన్ని తుడిచి ఆవిడ ఏమన్నారో వినడానికి నా ప్రోగ్రాముకు నిమిషం పట్టదు. ఇంతవరకూ ఆ బటన్ నొక్కే ధైర్యం నాకు రాలేదు.