ఎర్రదారం లేని తాకా

లాక్‌డౌన్ పోయి సాంచాలు మళ్లీ మోగిన ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో, తెలుగు నేతగాళ్లు వలసొచ్చిన కామత్‌ఘర్‌లోని ఒక మరమగ్గాల కార్ఖానాలో నన్ను బట్ట తనిఖీ సూపర్‌వైజరుగా వేశారు. తర్వాత కళ్లు మొరాయించి యాభై మూడేళ్లకే ఇంట్లో కూర్చున్నాను. అప్పట్లో మాత్రం నా చూపు మీదా, నా భక్తి మీదా ఎవరికీ అనుమానం ఉండేది కాదు. ముఖ్యంగా నాకు.

సాంచా అంటే మరమగ్గం. దాన్నుంచి దిగిన, ఇంకా రంగు పడని బట్ట చుట్టను తాకా అంటారు. కింద ట్యూబులైటు వెలిగే వాలుబల్ల మీద దాన్ని లాగుతూ తప్పులు పట్టడం నా పని. నేతలో పోగు తెగితే కార్మికుడు ఆ చోట అంచుకు ఎర్రదారం కట్టాలి. రఫూ ఆడవాళ్లు అది చూసి సూదితో కొత్త పోగు ఎక్కిస్తారు, తాకా పాసవుతుంది. రంగు పడ్డాక రఫూ పనికిరాదు.

మా కార్ఖానా నేతగాడు మల్లేశం తాకాల నిండా ఎర్రదారాలే. తాగుడు మానేసి, కొత్తగా మా చర్చి ప్రార్థనకొచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. అదే కార్ఖానాలో నేసే ప్రభుదాసు మా సంఘ పెద్ద. ఆయన తాకాకు ఒక్క దారం ఉండదు.

"ఉపాసం ఉండడు, టైముకు రాడు. అడిగితే ఏసయ్య కృప అంటడు. కృపేమన్న కుట్టు మిషనా అక్కా, చింపినకాడల్లా కుట్టనీకి?" అన్నాడాయన మల్లేశం గురించి.

నవ్వాను. నా అభిప్రాయమూ అదే కదా. ఇన్ని దారాలేమిటని మల్లేశాన్ని పిలిచి దులిపాను.

"తెగింది తెగినట్టు చెప్తున్న మేడమ్. దాస్తే అతుకుతదా?" అన్నాడు.

పైగా ఎదురు జవాబు! ఇతన్ని తీసెయ్యండని కార్ఖానా యజమాని సేఠ్‌కు చిట్టీ రాశాను. పని పోతే కార్ఖానా మీద అతనుండే గదీ పోతుంది, పెళ్లాం నిండుచూలాలు. తెలిసే రాశాను. నియమం నియమమే.

ప్రభుదాసు తాకాలను మాత్రం బల్ల ఎక్కించేదాన్ని కాదు. దారం లేదు, పైగా సంఘ పెద్ద. చూడకుండానే పాస్ ముద్ర కొట్టేసేదాన్ని.

సేఠ్ ఇంకా ఏమీ తేల్చకముందే అద్దకం మిల్లు నుంచి నీలం బట్ట వాపసొచ్చింది. నిలువునా తెగిన పోగుల గీతలు. నేత ప్రభుదాసుది, ముద్ర నాది.

సేఠ్ రాజన్న జగిత్యాల వైపు మనిషి, చర్చి గడప తొక్కినవాడు కాదు. ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదనీ, క్రిస్మస్ మర్నాడే డ్యూటీకొచ్చాననీ ఆయన ముందు ఏకరువు పెట్టాను.

"గదంత నేనడిగిన్నా అక్కా? తప్పైందా, కాలేదా?"

ఆదివారం బడిలో పిల్లలకు పాపపు ఒప్పుకోలు నేర్పేదాన్ని. ఆ ఒక్క మాటా నేను అనాల్సి రావడం అదే మొదలు.

"అయింది."

"అయితె సరె. పో, పని చూస్కో." బట్ట వాపసొచ్చినప్పుడు తీసుకున్న నా ముద్ర మళ్లీ నా చేతికిచ్చి, నా చిట్టీని ముందుకు జరిపాడు. "మరి దీన్నేం జేద్దాం?"

చింపేశాను. మల్లేశం పనిలో ఉన్నాడు, గదీ ఉంది. ఇకనుంచి దారాలు కట్టమన్నందుకు అవమానపడి ప్రభుదాసు కనేరిలో వేరే కార్ఖానా చూసుకున్నాడు.

ఎర్రదారం నేతగాడి తప్పుకు సాక్ష్యం కాదు, బాగుచెయ్యమని అడగడం. అడగనివాడికి రఫూ లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, దారం లేని తాకా వస్తే ముందు దాన్నే బల్ల ఎక్కించాను.