తెరచాప చీర

1944 ఆశ్వయుజ పున్నమి నాడు, సాయంత్రం ఆరున్నరకు సిద్దిపేట చెరువులో మా మొదటి ప్రయాణం మొదలైంది. పడవ నా స్నేహితురాలి తండ్రిది. ఏటా ఆ ఒక్క రాత్రి ఆమె మేనత్త వలలు కాయడానికి వెళ్తే, తోడుగా మేము ముగ్గురం ఆడపిల్లలం వెళ్ళేవాళ్ళం.

మేనత్త చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. రంగు చీర కట్టకూడదు. అందుకని తన పెళ్ళినాటి ఎర్ర నేతచీరను తెరచాపగా కట్టేది.

"నువ్వే కట్టుకోరాదూ అత్తా!" అని మేము ఏడిపిస్తే, "నాకెందుకే? గాలి కట్టుకుంటది, సాలు" అంటూ, మనిషికి సర్దినట్టే దాని కొంగు సర్దేది.

మూడో ఏడు నడిచెరువులో గాలి పడిపోయింది. ఆమె తెరచాప విప్పి, "అటు తిరుగుండ్రే" అంది. మళ్ళీ చూసేసరికి ఎర్రచీరలో నవ్వుతూ కూర్చుంది. తెల్లవారినా మార్చుకోలేదు. ఎందుకో నాకిప్పటికీ తెలియదు. అలాగే తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చింది.

ఒడ్డున ఆమె అన్న, నా స్నేహితురాలి తండ్రి, నిలబడి ఉన్నాడు.

"సిగ్గు లేదానే? నలుగురు సూస్తే ఏమంటరు?"

"గాలి ఒల్లనన్నదన్నా. గందుకే నేను కట్టుకున్న."

ఆయన నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే చీరను పొయ్యిలో పెట్టాడు. ఆమెను మళ్ళీ పడవ ఎక్కనివ్వలేదు.

మాకు పోయింది ఏడాదికొక సరదా. ఆమెకు ఒక చీర పోయింది, ఏడాది మొత్తానికి ఉన్న ఒక్క రాత్రీ పోయింది.